ఆగయ్య బొమ్మ

సారక్కకు సినిమాలు గిట్టవు. అయినా హైదరాబాదు నుంచి కెమెరా పట్టుకొచ్చిన కృష్ణప్రియకు గోదావరిఖనిలోని తన ఇంట్లో నెల రోజులు సర్వపిండి చేసి పెట్టింది. ఉత్తపుణ్యానికేమీ కాదు. ఆ అమ్మాయి సినిమా తీస్తున్నది భీమశంకరం అనే పేరుమోసిన చిత్రకారుడి జీవితం మీద. నలభై ఏళ్ల కింద ఆయన ఇక్కడ మూడు నెలలుండి బొగ్గుబాయి మనుషుల బొమ్మలు వేశాడు. వాటిలో అన్నిటికన్నా పేరొచ్చిన బొమ్మ కోసం ఆయన ఎదురుగా కూర్చున్నది సారక్క పెనిమిటి ఆగయ్య.

ఆగయ్య కామెర్లతో పోయి పందొమ్మిదేళ్లయింది. ఉన్న ఒక్క ఫొటోను పెద్దది చేయించి గోడకు తగిలిస్తే, మొన్నటి వానలకు గోడ చెమ్మెక్కి ముఖమున్నచోట తెల్లమచ్చ మిగిలింది. పోయినవాళ్లకు పెట్టుకునే పెత్రమాస నాడు ఆ మచ్చకే విస్తరి పెట్టి దండం పెట్టుకుంది. ఇప్పుడు మనిషి రూపు కళ్ల ముందుకు రావాలంటే కాసేపు ఆగాల్సి వస్తోంది. ఒక్కోసారి ఆగినా రావడం లేదు. ఆ దిగులు ఎవరితో చెప్పుకుంటుంది? బొమ్మ పూర్తయ్యాక ఎలా వచ్చిందో ఆమె చూడనే లేదు. అందుకే ఈ సర్వపిండి.

"ఫోన్లో ఇప్పుడే చూపించనమ్మా. తెర మీద మొదటిసారి చూస్తున్నప్పుడు మీ ముఖం నాకు కావాలి. సినిమా దాంతోనే ముగుస్తుంది" అంది కృష్ణప్రియ.

"గా పిల్ల సూపెట్టకుంటె ఏందవ్వా, నేను సూపిస్త" అని కూతురు రమ ఫోను తీసింది. తెర మీదే చూస్తానని ఒప్పుకున్న సారక్క వద్దంది. ఆడిన మాట తప్పడం ఆమె ఇంటావంటా లేదు.

ఆగయ్య ఎలా కూర్చునేవాడని అడిగితే మాత్రం సారక్కకు ఏనుగెక్కినంత సంబరం.

"పొద్దటి షిఫ్టు దిగి వచ్చేటోడు. బొగ్గుమొఖంతోని బొమ్మ గీస్తె నలుగురు ఏమంటరు బిడ్డా? ఉడుకునీళ్లు పోసి, సబ్బువెట్టి రుద్ది, ఇస్త్రీ అంగి తొడిగి తోలేదాన్ని. కడుక్కోకుండ రమ్మని సారు రోజూ చెప్పంపేటోడు. నేనింటనా?"

కృష్ణప్రియ ఏదో రాసుకుంది. నవ్వలేదు.

ఆ చివరి ముక్క తప్ప పూర్తయిన సినిమాను మొదట ఇక్కడి ఫంక్షన్ హాల్లోనే వేశారు, ఆదివారం మధ్యాహ్నం. పాట లేదు, కథ లేదు, భీమశంకరం వేషం కట్టినవాడు అసలే లేడు. పావుగంట సేపు ఒక ఖాళీ కుర్చీ. తర్వాత గోడ మీద ఎండ. వెనక ఎవరో ఆయన నోటుపుస్తకాలు చదువుతుంటారు. సగం జనం చాయ్‌కి లేచిపోయారు.

"సారక్కా, గిదేం సినిమా? కరెంటు పోయినట్టే ఉన్నది" అన్నాడు పక్కన కూర్చున్న సదయ్య. ఆగయ్యతో ఒకే షిఫ్టులో పనిచేసినవాడు. సారక్క ముందు వరసలో చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. కృష్ణప్రియ కెమెరా ఆమె ముఖం మీదే ఉంది.

బొమ్మ వచ్చింది. ముందు చేతులు. బాయిలో బొగ్గుదిమ్మె పడి వంకరపోయిన ఎడమ బొటనవేలు. ఆగయ్యదే. తర్వాత భుజాలు, మెడ. ఆ తర్వాత బొగ్గు పులుముకున్న ముఖం. సూటి ముక్కు, లోతు కళ్లు.

"గీ మొఖం బొమ్మలేసిన సారుది గదా" అన్నాడు సదయ్య.

తెర వెనక గొంతు చదువుతోంది: "ఇవాళ కూడా అతను కడుక్కునే వచ్చాడు. తళతళలాడే ముఖం నాకెందుకు? బొగ్గుపొడి నా ముఖానికే పూసుకుని అద్దం ముందు కూర్చున్నాను. చేతులు మాత్రం అతనివి."

రమ తల్లి భుజం పట్టుకుంది. సారక్క ఏడవలేదు. పోగొట్టుకున్న మనిషిని మళ్లీ ఇంకోసారి పోగొట్టుకుంటే ఏడుపు కూడా సాయం రాదు.

"అమ్మా, ఏమనిపిస్తోంది?" అడిగింది కృష్ణప్రియ.

సారక్క తెర మీది నుంచి చూపు తిప్పలేదు.

"సారునేమంట బిడ్డా. ఒక్కనాడన్న బొగ్గుతోని తోలితే నా మనిషి ఉండేటోడు. రోజూ నేనే కడిగిన."