గంజి పట్టని సైనికుడి చొక్కా

ఆ చొక్కాకి బొత్తం ఒక్కటే వదులైంది. అది కుట్టమని మాత్రమే మా మనవరాలు నా చేతికిచ్చింది. మిగతాదంతా నేను చేసిన నిర్వాకమే. ముందే ఒప్పుకుంటున్నాను. లేకపోతే ఈ సంగతి మా ఆవిడ చెబుతుంది, ఆవిడ చెబితే నేను ఇంకా అన్యాయంగా కనిపిస్తాను.

పామర్రులో ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి నేను. బెజవాడ వచ్చి వన్ టౌన్‌లో ఒక సందులో యూనిఫారాలు కుట్టే దుకాణంలో చేరాను. కాజాలతో మొదలుపెట్టి నలభై ఏళ్ళకు పైగా పోలీసులకీ, హోంగార్డులకీ, సెలవు మీద వచ్చిన జవాన్లకీ కుట్టాను. నా చదువంతా గుడ్డల చుట్టూ చుట్టి వచ్చిన పాత పత్రికల్లోనూ, సాయంత్రం పూట గ్రంథాలయంలోనూ సాగింది. అందుకే పత్రికలు తప్పు రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆమధ్య ఒకదాంట్లో నానో గుడ్డ గురించి రాస్తూ, రేపటి సైనికుడి చొక్కా తడవదు, మరక పడదు, నలగదు, ఇక ఇస్త్రీతో పనే లేదు అన్నారు. ఇస్త్రీ లేని యూనిఫారం కూడా ఒక యూనిఫారమేనా అని సంపాదకుడికి రెండు కాగితాల ఉత్తరం రాశాను. వెయ్యలేదు. ఎందుకు వేస్తారు?

తీరా చూస్తే అలాంటి చొక్కా మా ఇంటికే వచ్చింది. మనవరాలు ఎంటెక్ చదువుతోంది, భవానీపురంలో మా దగ్గరే ఉంటుంది. తనూ, మరో ముగ్గురూ కలిసి కాలేజీలో ఏడాదిపాటు తంటాలు పడి తయారుచేసిన చొక్కా అది. ఉన్నది అదొక్కటే. మర్నాడు పొద్దున ఢిల్లీ నుంచి ఒక కమిటీ వచ్చి చూస్తుంది. నచ్చితే పని ముందుకు సాగుతుంది, లేకపోతే అక్కడితో సరి.

"నానో అంటే తెలుసా తాతయ్యా?" అంది.

"వెంట్రుకని నిలువునా లక్ష చీలికలు చెయ్యి, అందులో ఒక్క చీలిక. నాకు చెప్పొచ్చావు."

పిల్ల నవ్వి, చొక్కా మీద గ్లాసుడు నీళ్ళు పోసింది. చేమాకు మీద పోసినట్టు నీళ్ళు గుండ్రంగా దొర్లి నేలమీద పడ్డాయి. చొక్కా తడవలేదు, మా గచ్చు తడిసింది. తర్వాత చొక్కా లోపలివైపు తిప్పి చూపించింది. ఛాతీ దగ్గర వెండి పూత పూసిన సన్నటి దారాలు నేసి ఉన్నాయి. అవి ఒంటికి ఆనుకుంటే గుండె కొట్టుకోవడం ఫోన్‌లో కనిపిస్తుందట. సైనికుడు ఎక్కడో మంచులో పడిపోయినా డాక్టరుకి తెలుస్తుందట. వాళ్ళ నాయనమ్మ చేతికి ఆనించింది. ఫోన్‌లో గీత ఎగిరెగిరి పడింది.

"మీ నాయనమ్మకి గుండె ఉందని ఇవాళే తెలిసింది" అన్నాను.

"అది ఉండబట్టే మీతో వేగుతున్నాను" అంది ఆవిడ.

"తాతయ్యా, బొత్తం కుట్టు, చాలు. ఉతక్కు" అని చెప్పి, మర్నాటి ఉపన్యాసం సరిచూసుకోవడానికి పిల్ల స్నేహితురాలింటికి వెళ్ళింది. అప్పుడు మధ్యాహ్నం పన్నెండు దాటింది.

బొత్తం కుట్టడం నిమిషంలో అయిపోయింది. ఏడాది పాటు నలుగురు ఇంజనీర్లు కష్టపడ్డ చొక్కాకి బొత్తం కింద నాలుగు పోగులు సరిగ్గా తిప్పినవాడు లేడు. సరే, దులిపి ఎత్తి పట్టుకున్నాను. తడిసిన తువ్వాలులా వేలాడింది. కాలరు పక్కకి వాలిపోయింది. ఇది వేసుకుని ఒక మనిషి మిలిటరీ ఆఫీసరు ముందు నిలబడాలా? నా చేతిమీదుగా వెళ్ళిన యూనిఫారం ఏదీ అలా వెళ్ళలేదు. పిల్ల ఉతకొద్దంది గానీ గంజి పెట్టొద్దనలేదు.

మా ఇంట్లో ఇప్పటికీ అన్నం వారుస్తారు. గిన్నెలో గంజి వెచ్చగా ఉంది.

"ఏవండీ, అది పిల్ల చదువు. మీ ఖాకీ కాదు" అంది మా ఆవిడ.

"చదువుకి మాత్రం గంజి అక్కర్లేదా?"

గంజిలో ముంచాను. పట్టలేదు. ముంచి ఎత్తిన ప్రతిసారీ గంజి ముత్యాల్లా జారి గిన్నెలోనే పడింది. నలభై ఏళ్ళలో నన్ను ఏ గుడ్డా అలా వెక్కిరించలేదు. పట్టుదల వచ్చింది. చొక్కా తిరగేశాను. లోపలివైపు మామూలు గుడ్డలాగే గంజి పీల్చుకుంది. పావుగంట పిసికి, డాబామీద ఎండలో ఆరేసి, నా పాత బొగ్గుల ఇస్త్రీపెట్టె రాజేశాను. కరెంటు పెట్టెలో వేడికి హద్దు ఉంటుంది. బొగ్గుల పెట్టెకి అలాంటి మర్యాదలు లేవు. మూడింటికల్లా చేతుల మీద మడతలు కత్తిలా తేలాయి. ముచ్చటేసి తొడుక్కున్నాను. అద్దం ముందు నిలబడి సెల్యూట్ కూడా కొట్టుకున్నాను. సరిగ్గా అప్పుడే పిల్ల గుమ్మంలోకి వచ్చింది.

నన్ను చూసింది, ఫోన్ తీసి చూసింది.

"దీని ప్రకారం నువ్వు చచ్చిపోయావు తాతయ్యా."

"నిక్షేపంలా ఉన్నాను కదే."

"గీత కదలడం లేదు. ఏం చేశావు?"

వెండి దారాలకీ నా ఒంటికీ మధ్య గంజి పెచ్చు కట్టింది. వాళ్ళ నాయనమ్మ తొంగి చూసి, "పోయాక కూడా సెల్యూట్ కొడుతున్నారే" అంది. పిల్ల నవ్వలేదు. చొక్కా తీసుకెళ్ళి బాత్‌రూములో గోరువెచ్చటి నీళ్ళతో కడుగుతూ కూచుంది. గంజి చాలావరకు పోయింది. బొగ్గుల పెట్టె కాల్చిన చోట, నీళ్ళని దొర్లించే పూత మాత్రం తిరిగి రాలేదు.

మర్నాడు నన్ను కూడా కాలేజీకి తీసుకెళ్ళింది. ప్రేమతో కాదు, నా నిర్వాకం ఫలితం చూపించడానికి. వెనక వరసలో కూర్చోబెట్టింది. కమిటీలో ఒక రిటైరైన కల్నల్‌గారు ఉన్నారు. నీళ్ళు పోశారు. ఛాతీ మీద నీళ్ళు బ్రహ్మాండంగా దొర్లాయి. చేతుల మీద, నేను మడత తీసిన గీత వెంబడే, సన్నగా లోపలికి ఇంకాయి. ఆయన ఆ మడతని వేలితో తడిమాడు.

"లాబొరేటరీలో ఇస్త్రీ ఎవరు చేశారమ్మా?"

అబద్ధం చెబుతుందేమోనని నేను కొంచెం ఆశపడ్డాను. "మా తాతయ్యండి. గంజి పెట్టి, బొగ్గులతో చేశారండి" అంది.

ఆయన నన్ను ముందుకి పిలిచాడు. "ఎందుకు చేశారండీ?"

"ఆఫీసరు ముందు చొక్కా వేలాడకూడదు కదండీ."

"వేసుకున్న సిపాయిని ఎప్పుడైనా అడిగారా?"

జ్ఞాపకశక్తి గురించి నేను చాలా గొప్పలు పోతాను. అది మాత్రం ఆయన అడిగేదాకా గుర్తు రాలేదు. అడక్కుండానే ఒకడు చెప్పాడు. దివిసీమవైపు చేపల వేట మీద బతికే ఇంటి కుర్రాడు, పటాలంలో చేరి సెలవుకి వచ్చాడు. వాడికి అన్నీ నేనే కుట్టాను. "చూసేవోళ్ళకి బాగుంటది బాబాయ్, ఏసుకున్నోడికి రంపం. లోపలేపు గంజి వద్దు" అని మెడ మీద ఎర్రగా ఒరుసుకుపోయిన చోటు చూపించాడు. నేను నవ్వేసి ఇంకా చిక్కగా పెట్టించాను.

అదే చెప్పాను ఆయనతో. కల్నల్‌గారు మా పిల్ల వైపు తిరిగాడు.

"మా యూనిట్లలో ధోబీ ఉన్నాడమ్మా, పరేడు ఉంది. ఈయన చేసింది వాళ్ళు మొదటివారంలోనే చేస్తారు. ఈయన్ని తట్టుకునే చొక్కా పట్టుకురండి, అప్పుడు చూద్దాం. వచ్చే సమావేశానికి రండి."

అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. పిల్ల మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ అభిమానానికి పోయి పలకరించలేదు. నాలుగోనాడు నా మిషను మీద గుడ్డముక్కల కట్ట ఒకటి పడేసింది. ఒక్కోదాని మీద ఒక్కో నంబరు.

"గంజి పెట్టు. ఒక్కోదానికి పదిసార్లు. నీ ఇష్టం వచ్చినట్టు పాడుచెయ్యి."

"ఇస్త్రీ?"

"బొగ్గులదే. చేసిందల్లా పుస్తకంలో రాయాలి. లోపలివైపు కూడా."

"అయితే రోజూ రెండుసార్లు అన్నం వార్చాలా ఏంటి?" అని వంటింట్లోంచి వినపడింది.

ఇప్పటికి ఏడు ముక్కలు పాడుచేశాను. లోపలివైపు ఎలా ఉందో నా మెడకి రుద్దుకుని చూసి మరీ రాస్తున్నాను. ఎనిమిదో నంబరు మాత్రం తొమ్మిదిసార్లు గంజి తాగి, తొమ్మిదిసార్లు కాలి, ఇంకా నీళ్ళని దొర్లిస్తూనే ఉంది. రేపు పదోసారి. గంజి ఇంకా బిరుసెక్కేలా అందులో కాస్త సగ్గుబియ్యం ఉడికించి కలపబోతున్నాను. పిల్లకి చెప్పలేదు.