ఓనరాంటీ, మా తొలి ఆల్బమ్

అమీర్‌పేటలో మేం అద్దెకున్న ఇంటి ఓనరాంటీ మొన్న మంగళవారం కన్నుమూశారు. తమ్ముడు ఫోన్ చేసి, "మన మొదటి శ్రోత పోయారక్కా" అన్నాడు. ఏడుస్తూనే ఇద్దరం నవ్వుకున్నాం. ఎందుకో చెప్తాను.

సాఫ్ట్‌వేర్ కోర్సు కోసమని భీమవరం నుంచి వచ్చాం. నాన్నకు తెలియకుండా, మేడమీద గదిలో పాటలు కట్టుకునేవాళ్లం. గిటార్ తమ్ముడిది, గొంతు నాది. తొలి పాట ఆంటీకే వినిపించాం. కళ్లు మూసుకుని చివరిదాకా విని, "మంచిగున్నది బిడ్డా. పాటెప్పుడు షురూ అయితది?" అన్నారు.

ఆల్బమ్‌లో మూడు పాటలు మిగిలుండగా తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. పది రోజుల్లో చేరాలి. గదిలోనే కంప్యూటర్‌లో రికార్డు చేస్తున్నాం. మైకు పెట్టగానే కింద కుక్కర్ కూసేది. "వదిలేద్దామక్కా" అన్నాడు వాడు. పెద్ద గొడవైంది. నా ఏడుపు విని ఆంటీ పైకొచ్చారు.

"ఉన్నయే పది దినాలు. గీ కొట్లాటకు ఎన్ని పెట్టుకున్నరు?"

మర్నాటి నుంచి కుక్కర్ అటకెక్కింది, గంజి వార్చిన అన్నం మొదలైంది. అంకుల్ గొణిగితే, "పది దినాలు గంజి తాగితే పానం పోతదా?" అన్నారు. మెట్ల దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. ఒకసారి మంచి టేక్ మధ్యలో, "ఎవడ్రా చప్పుడు చేస్తుండు!" అని ఆవిడే అరిచారు. ఆ టేక్ పోయింది.

ఎలాగో ముగించాం. తమ్ముడు రైలెక్కే ముందురోజు పంజాగుట్టలో చిన్న హాల్లో పాడాం. ఎవరూ రారనుకుంటే హాలు నిండిపోయింది. అందరి చేతుల్లో నోటుబుక్కులు! మూడో పాటయ్యాక ఒకతను లేచి, "సార్, జావా ఎప్పుడు మొదలుపెడతరు?" అన్నాడు. ఆంటీ సాఫ్ట్‌వేర్ కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం ముందు నిలబడి, జావా ఫ్రీ డెమో క్లాసని చెప్పి అందర్నీ తోలుకొచ్చారట.

"అబద్ధమెందుకాంటీ?"

"పాటలంటే ఎవరొస్తరు పిల్లా? కూసున్నంక ఒక్కడన్న లేసిపోయిండా?"

నిజమే, జావా అడిగినతను కూడా చివరిదాకా ఉన్నాడు. ఆల్బమ్ పెద్దగా అమ్ముడుపోలేదు గానీ, మేం పాడటం మాత్రం మానలేదు.

ఆవిడకిచ్చిన సీడీని పావురాలను బెదరగొట్టడానికి బాల్కనీలో దారంతో వేలాడదీశారు. నేను చిన్నబుచ్చుకుంటే, "డబ్బల పెడితే ఎవరు చూస్తరు?" అన్నారు.

నిన్న ఇద్దరం వెళ్లాం. సీడీ ఇంకా అక్కడే ఉంది, రంగు వెలిసి, గాలికి తిరుగుతూ. గోడమీద వెలుగుచుక్క ఆడుతోంది. పిట్టగోడపై ఒక పావురం, బెదరకుండా, మెడ వంచి సీడీనే చూస్తోంది.