అత్తమ్మ మానేసిన కల్లు

మా అత్తమ్మకు కల్లు పడకపోతే పొద్దు గూకేది కాదు. గౌడు కుండ దించుకుని రాగానే తాటాకు దొన్నె పట్టుకుని గడప ముందు కూర్చునేది. అలాంటి మనిషి, పోలీసు యాక్షన్ అయిన రెండేళ్లకు, నా కడుపు పండేదాకా కల్లు ముట్టనని ఊరి ముత్యాలమ్మకు మొక్కుకుంది.

నా కడుపు పండదని నాకూ నా పెనిమిటికీ తప్ప ఎవరికీ తెలీదు.

అడవిలో దాక్కున్న సంఘపోళ్లకు అన్నం మోసినందుకు అతన్ని మిలిటరీ క్యాంపులో పెట్టారు. చాన్నాళ్లకు వదిలారు. వచ్చాక తిన్నాడు, నాగలి పట్టాడు, నవ్వాడు కూడా. నా పక్కకు చేరితే మాత్రం ఒళ్లు అతని మాట వినలేదు. నేను నచ్చలేదేమో అనుకున్నాను. హైదరాబాదులో కాలేజీ చదువు చదివి కూడా ఈ ఆలోచన దగ్గరే ఆగాను. తర్వాత ఇంకెవరో ఉన్నారని జగడం పెట్టుకున్నాను. చివరికి అతనే మిరపచేను గట్టు మీద కూర్చుని, నేల చూస్తూ చెప్పాడు.

"నీ మీద మనసు లేక గాదు. దగ్గరికొస్తె బూట్ల సప్పుడు ఇనొస్తది. ఒళ్లంత సచ్చువడ్తది. నీకు అన్యాలం జేస్తున్న."

"అన్యాలం సంగతి నేను తేలుస్త. నువ్వు గోడ దిక్కు తిరిగి పండుడు బంజెయ్ ముందు."

అప్పటినుంచి నా వైపే తిరిగి పడుకున్నాడు. ఒకరినొకరు తాకడానికి భయం పోయింది. ఆపైన కుదరలేదు. కుదరని రోజు ఏదో ఒకటి వాదించేదాన్ని, అతనికి నవ్వొచ్చేదాకా.

మేం సర్దుకున్నాం. అత్తమ్మ సర్దుకోలేదు. ఆత్మకూర్ నుంచి ఏవో వేర్లు తెప్పించి, కషాయం కాచి, నా చేతికిచ్చేది. కొట్టంలోకి తీసుకుపోతే అతను సగం గుంజుకుని తాగేవాడు.

"రోగం నాది, మందు నీకా?"

"ఆడోళ్ల మందు. మీసాలు రాల్తయ్, జూస్కో."

ఇద్దరం నోరు నొక్కుకుని నవ్వుతుండగా వాకిట్లోంచి గౌడు గొంతు వినిపించేది.

"జర నాలిక తడుపుకో పెద్దమ్మా. ముత్యాలమ్మకు నేను జెప్పుకుంట."

"నీ కుండ పగల, ముందటికి నడువు! వాసనకే పానం గుంజుతాంది."

మా నవ్వు అక్కడే ఆగిపోయేది. అందరితో తగవుపడే నేను ఆ ఒక్క మాట దగ్గర మూగదాన్ని. చెబితే ఆమె మొక్కు వదిలేస్తుంది, కానీ అతని పరువు పోతుంది.

బోనాల నాడు అత్తమ్మ దేవత ముందు కల్లు సాకగా ధార పోసింది. మిగిలింది తీర్థంగా చేతిలో పోయబోతే వద్దంది. పక్కింటామె ఊరుకోలేదు.

"కోడలు గొడ్డుదైతె నువ్వెందుకే నోరు కట్టుకుంటవు?"

"నా కోడల్నంటె నీ బోనం పలగ్గొడ్త!"

మేమిద్దరం వెనకే ఉన్నాం. ఇంటికొచ్చి ఆమె బోనం దించిందో లేదో, అతను అన్నాడు.

"అమ్మా, నీ కోడల్ల ఏం లోపం లేదు. లోపం నాది. క్యాంపుల కొట్టిన్రు గదా, గప్పటిసంది నాతోని అయితలేదు."

అత్తమ్మ కొడుకు వీపు తడిమింది. తర్వాత నావైపు తిరిగింది.

"గా చేదంతా నీకు తాపిన గదనే బిడ్డా!"

"సగమే అత్తమ్మా. సగం నీ కొడుకే తాగిండు."

నవ్వుతుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు గౌడును నేనే పిలిచాను. ఆమె ఒక్క గుక్క మింగి దొన్నె దించేసింది.

"నోటికి పోతలేదే. రుచి మర్శిన."

నా పెనిమిటి ఆమె పక్కన చతికిలబడ్డాడు. తప్పు చేసిన పిల్లాడిలా దొన్నె మళ్లీ ఆమె నోటి దగ్గర పెట్టాడు. "జరంత తాగమ్మా. అలవాటైతది."

ఆమె అతని మొహం చూసింది. కళ్లు మూసుకుని, నేను కషాయం తాగినట్టే, గటగటా తాగేసింది.

"బాగుంది కొడుకా," అంది.