పూజకెక్కని సంచి

పోయిన నెలలో ఒక సాయంత్రం మా మనవరాలు డ్యూటీ నుంచి వస్తూనే ఒక నీలం రంగు ప్లాస్టిక్ పెట్టె తెచ్చి నా మంచం మీద పెట్టి మూత తెరిచింది. ఐటీఐ చదివిన పిల్ల, ఇక్కడే బిలాస్‌పూర్ నెహ్రూ నగర్‌లో కొత్తగా కట్టిన పెద్ద అపార్టుమెంటులో బిల్డింగ్ మెయింటెనెన్స్ పనిలో ఈమధ్యే చేరింది; కుళాయిలు, మోటార్లు, కరెంటు స్విచ్చులు, ఊడిపోయే తలుపు గొళ్ళేలు, అన్నీ వాళ్ళే చూసుకోవాలట. ఆ పెట్టెలో ప్రతి సామానుకీ దాని ఆకారంలోనే ఒక గుంట ఉంది. పైపు పానా, కటింగ్ ప్లేయరు, చిన్నా పెద్దా స్క్రూడ్రైవర్లు, సుత్తి, టెస్టరు, కొలత టేపు, రసమట్టం, ఆఖరికి తలకి తగిలించుకునే లైటు కూడా ఉంది. "అమ్మమ్మా, దేఖో, ఇంకా ఏటి కావాలో నువ్వు చెప్పు" అంది. దానికి తెలుగు మాట్లాడడం వచ్చు గానీ చదవడం రాదు, అందుకని దాని గురించి ఇక్కడ ఏం రాసినా నాకు భయం లేదు.

ఒక్కొక్కటే తీసి చేత్తో బరువు చూసి మళ్ళీ దాని గుంటలో పెట్టాను. వంక పెట్టడానికేం లేదు, అన్నీ మంచి సరుకే. ఒక్కటి మాత్రం లేదు, అది ఏ పెట్టెలోనూ పెట్టి అమ్మరు. దాని సంగతి చెప్పాలంటే మా ఆయన సంచి గురించి చెప్పాలి, ఆ సంచి గురించి చెప్పాలంటే బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా కాపురం గురించి చెప్పాలి. మన వయసు వాళ్ళకి వినే ఓపికకి ఇంకా లోటు రాలేదనుకుంటాను కాబట్టి మొదటినుంచే మొదలుపెడతాను.

శ్రీకాకుళం దగ్గర పల్లె నుంచి పెళ్ళయి వచ్చేసరికి మా ఆయన రైల్వే క్వార్టర్ల మరమ్మతులు చేసే గ్యాంగులో కుళాయిల పనివాడు. మా వరసలో ఇళ్ళన్నీ ఇంచుమించు మన ఉత్తరాంధ్ర వాళ్ళవే. పొద్దున్నే బిల్హా నుంచి లోకల్ బండిలో కూరలు తెచ్చే ఆడవాళ్ళతో మేం బేరమాడే భాష సగం తెలుగు, సగం ఛత్తీస్‌గఢీ, మిగతాది చేతులతో. తలుపు వెనక మేకుకి ఆయన సంచి వేలాడేది. ఆయన పాత ఖాకీ ప్యాంటు కత్తిరించి మా అత్త తన చేత్తో కుట్టిన సంచి అది. అందులో పైపు పానా ఒకటి ఉండేది, నా మోచెయ్యంత పొడుగు. ఆయన బొటనవేలు ఆనించే చోట ఇనుము అరిగి నున్నగా మెరిసేది. అన్నానికి కూర్చునే ముందు ఆయన ముందు పానా తుడిచేవాడు, తరవాత చేతులు కడుక్కునేవాడు. ఇదెక్కడి వరస అని నేను సణిగేదాన్ని.

పచ్చకామెర్లు వచ్చి ఆయన పోయేనాటికి మా పాపకి ఇంకా అడుగులు పడలేదు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు, ఆ మాటకి ఇప్పటికీ చెయ్యెత్తి దణ్ణం పెడతాను. అయితే ఆడమనిషిని కదా, నీడపట్టున ఉంటుందని ఆఫీసులో కుండల్లో నీళ్ళు నింపే పని, టీ గ్లాసులు కడిగే పని చెప్పారు. వాళ్ళు మంచికే చేశారు. కానీ ఆ సంచిలో సామానంతా స్టోరుది, గ్యాంగులో పనిచేసేవాళ్ళ దగ్గరే ఉండాలి. నీళ్ళ కుండల దగ్గర పనిచేసేదానికి పైపు పానా ఎందుకని స్టోరు బాబు కబురు మీద కబురు పెట్టాడు. ఆ కబురు వచ్చినప్పుడల్లా మా అత్త వంటింట్లోంచి వచ్చి సంచిని ఒకసారి తడిమి లోపలికి పోయేది. ఒకరోజు మాత్రం అంది, "ఆడు పోనాడు. ఆడి పానా కూడా పోతే ఈ గోడకి ఏటి మిగుల్తాదే?" అని.

మర్నాడు మేస్త్రి మావయ్య దగ్గరికి వెళ్ళి, నాకు పని నేర్పమని అడిగాను. ఆయన మా ఆయన గ్యాంగుకి పెద్ద, విజయనగరం వైపు మనిషి, నోట్లో ఎప్పుడూ ఆరిపోయిన బీడీ ఉండేది, పండుగలూ నియమాలూ అంటే ప్రాణం. నేను చెప్పిందంతా విని "అచ్ఛా" అన్నాడు, అంతే. కానీ ఆ సాయంత్రమే ఆఫీసరుగారిని అడిగినట్టున్నాడు. ఈ వానాకాలమంతా నేర్చుకోనీ, విశ్వకర్మ పూజ అయ్యాక పని వచ్చిందని నువ్వు పూచీ పడితే గ్యాంగులో ఉంటుంది, లేకపోతే కుండల దగ్గరికి మనిషి, స్టోరుకి సామాను అని ఆఫీసరుగారు తీర్పు చెప్పారు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు గనక ముందు మా ఇంటి కుళాయే విప్పాను. వీధిలో వాల్వు కట్టెయ్యాలన్న సంగతి మరిచిపోయి విప్పాను లెండి. వంటిల్లు చెరువైపోయింది, పాప కేరింతలు కొట్టింది, మా అత్త బిందెలు, గిన్నెలు, ఆఖరికి మూకుడు కూడా పట్టుకుని నీళ్ళు పడుతూ, పనిమంతుడు పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిపోయిందట అని సామెత చెప్పి చెప్పి నవ్వింది. కొడుకు పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు, అందుకని తడిసినందుకు నాకేమీ బాధ లేకపోయింది.

మెల్లగా చేతికి పని వచ్చింది. సైకిలు ట్యూబు కత్తిరించి వాషర్లు చెయ్యడం, పైపు మరలకి జనపనార పోగు చుట్టి పైన సఫేదా అనే తెల్లటి ముద్ద పూసి నీళ్ళు కారకుండా బిగించడం, పానాని రెండు చేతులతో పట్టుకుని ఒంటి బరువంతా దాని మీద వెయ్యడం, అన్నీ మేస్త్రి మావయ్య చూపించినవే. గ్యాంగులో మగవాళ్ళు మొదట్లో ముసిముసిగా నవ్వుకునేవారు గానీ, క్వార్టర్లలో ఆడవాళ్ళకి మాత్రం నేనంటే ప్రాణం. మగవాళ్ళు డ్యూటీకి పోయిన వేళ వంటింట్లోకి పరాయి మగాడు రావాలంటే వాళ్ళకెంత ఇబ్బందో మీకు తెలుసు. నేనైతే సరాసరి పొయ్యి దగ్గర దాకా పోయేదాన్ని, కుళాయి బాగయ్యేలోగా టీ వచ్చేది, టీతో పాటు ఇంటి కష్టసుఖాలూ వచ్చేవి.

సంచిలో ఒక్క సామాను మాత్రం దేనికో నాకు తెలియలేదు. మూడంచుల ఆకురాయి ఒకటి, దాని కొస సాన పట్టి సన్నగా చేసి ఉంది, పిడికి గుడ్డపీలిక చుట్టి ఉంది. స్టోరు సామానులో అది లేదు. విరిగిందేమో అనుకున్నాను, పారేద్దామంటే ఆయన చుట్టిన గుడ్డ కదా అని చెయ్యి రాలేదు.

ఇంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. మన పల్లెల్లో దసరాకి ఆయుధపూజ చేస్తారు గానీ, బిలాస్‌పూర్‌లో పనిముట్టు పట్టిన ప్రతివాడికీ ఇదే పెద్దపండుగ. షెడ్డులో బల్ల వేసి, గ్యాంగు సామానంతా నూనెతో తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూలు వేసి వరసగా పేరుస్తారు. అలా పూజకెక్కిన సామాను మర్నాడు పొద్దున దాకా ఎవరూ ముట్టకూడదు, వాటి యజమానులు కూడా ఆ రోజుకి చేతులకి విశ్రాంతి ఇవ్వాలి. ఎవరి సామాను బల్ల మీద ఉంటే వాళ్ళు గ్యాంగు మనుషులన్నట్టు. నా సంచి కూడా అక్కడ ఉండాలని, పూజకి వచ్చే ఆఫీసరుగారి కంట అది పడాలని ఎంత ఆశపడ్డానో. మా అత్త ఒప్పుకోలేదు. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరగలేదు, ఈ ఇంటి ఇనుము పూజకి ఎక్కకూడదంది. ఆమె మాట తప్పు కాదు, మన ఇళ్ళల్లో ఉన్నదే. కానీ అందరి సామానూ పూలు పెట్టుకుని కూర్చుంటే నాది మేకుకి వేలాడుతుందన్న బాధ, పైగా ఆ రోజు మంచినీళ్ళు అందించే పని మళ్ళీ నాకే పడింది. షెడ్డు వెనక్కి పోయి ఏడ్చాను, మీ దగ్గర దాచడమెందుకు.

పూజ అయింది, బూందీ పంచుతున్నారు. అప్పుడు ఒక పెద్దావిడ ఆయాసపడుతూ వచ్చింది. కొడుకు ఇంజను డ్రైవరు, బండి మీద వెళ్ళాడు. కోడలు బాలింత, నేల మీద పక్కలో పసిగుడ్డుతో పడుకుని ఉంది. వంటింట్లో కుళాయి గోడ దగ్గర విరిగి నీళ్ళు ధారగా పడుతున్నాయి, గది వరకూ వచ్చేశాయని చెప్పింది. అందరూ బల్ల వైపు చూశారు. దేవుడికి దణ్ణం పెట్టుకుని ఒక పానా తీద్దామని ఒకరన్నారు, వద్దని ఇంకొకరన్నారు. మేస్త్రి మావయ్య బీడీ తీసి, బల్ల వైపు చూసి, నా వైపు తిరిగాడు. "నీ సంచి ఏదమ్మా?" అన్నాడు. ఇంట్లో ఉందన్నాను. "ఎల్లి తే. సెయ్యాల్సింది నువ్వే. నాను గుమ్మంలో ఉంతాను" అన్నాడు.

పరుగెత్తాను. సంగతి సగం చెప్పేసరికే మా అత్త సంచి మేకు నుంచి తీసి నా భుజాన తగిలించింది. "పూజకి కూకోకపోతే ఏటైంది, పనికి ఎల్తాది. ఎల్లు" అంది.

వీధి వాల్వు తుప్పు పట్టి మొరాయించింది, పానా వేసి దాన్ని కట్టేశాను. గ్యాంగంతా చేతులు వెనక్కి కట్టుకుని చుట్టూ నిలబడి చూస్తున్నారు, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ అప్పుడు నవ్వే స్థితిలో లేను. లోపలికి వెళ్ళి చూస్తే కుళాయి సగం విరిగి మరలున్న ముక్క గోడలోపల పైపులోనే ఉండిపోయింది. పానాకి పట్టు చిక్కదు. గోడ తవ్వితే ఆ పూటంతా దుమ్ము, మట్టి, నీళ్ళు ఉండవు, పక్కగదిలో పసిబిడ్డ ఏడుస్తోంది. ఇవాళ్టితో ఈ సంచి స్టోరుకే అనిపించింది. అప్పుడు గుమ్మంలోంచి మేస్త్రి మావయ్య, "మూడంచులది ఉంతాది సూడు. ఆడు సేసుకున్నదే అది. ముక్కలోకి కొట్టి తిప్పు" అన్నాడు.

తీశాను. దాని కొస ఆ ఇత్తడి ముక్క బొక్కలోకి సరిగ్గా దిగింది. సుత్తితో మెల్లగా కొట్టి, పానాతో పట్టుకుని ఎడమకి తిప్పాను. మొదట కదల్లేదు. తరవాత కీచుమని కదిలింది, తిరిగింది, ముక్క దాని కొసనే గుచ్చుకుని బయటికి వచ్చేసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఒక ఆదివారం ఆయన గుమ్మంలో కూర్చుని దీన్ని సాన మీద అరగదీస్తుంటే, ఆ చప్పుడుకి పాప లేస్తుందని నేను కసురుకున్నాను, ఆయన నవ్వి వీధి చివరికి పోయి కూర్చున్నాడు. ఆయన అరగదీసింది దీనికోసమన్నమాట. సంచిలో ఉన్న కొత్త కుళాయికి నార చుడుతుంటే నా కళ్ళు మసకబారాయి, అయినా బిగించాను. వాల్వు తిప్పితే ఒక్క చుక్క కారలేదు. ఆ పెద్దావిడ టీ పెడతానంటే, ముందు పక్క ఎండబెట్టండని చెప్పి నేనే పక్క దులిపి ఇచ్చాను.

తిరిగొచ్చేసరికి ఆఫీసరుగారు షెడ్డులోనే ఉన్నారు. సంగతి విని, ఏం మేస్త్రీ, పని వచ్చిందా ఈవిడకి అని అడిగారు. మేస్త్రి మావయ్య నెమ్మదిగా బీడీ వెలిగించుకుని, "నానేటి సెప్పను బాబూ, ఇయ్యాల డ్యూటీ సేసింది ఆయమ్మొక్కర్తే గదా" అన్నాడు. స్టోరు నుంచి మళ్ళీ కబురు రాలేదు.

మరుసటి ఏడు మా అత్తే కుంకుమ గిన్నె పట్టుకుని సంచి దింపింది. ఈసారి నేనే వద్దన్నాను. ఎవరి ఇంట కుళాయి ఎప్పుడు విరుగుతుందో తెలియదు, ఒక సంచి పనికి సిద్ధంగా ఉండాలన్నాను. ఆనాటినుంచి నేను రిటైరయ్యేదాకా నా సంచి ఏ పూజకీ ఎక్కలేదు. దేవుడికి నీ ముఖమే తెలీదని గ్యాంగు వాళ్ళు ఆటపట్టించేవాళ్ళు.

రిటైరైన రోజు పానా స్టోరుకి అప్పగించాను. అప్పటికి మా అత్త లేదు, మేస్త్రి మావయ్యా లేడు. ఏడుపొస్తుందనుకున్నాను, రాలేదు. మూడంచులది స్టోరుది కాదు కదా, దాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను. పోయిన నెల మనవరాలి నీలం పెట్టెలో పెట్టబోతే దానికి సరిపడే గుంట లేదు. ఇప్పుడు ఇలాంటిది ఆన్‌లైన్లో దొరుకుతుంది అమ్మమ్మా అని నవ్వి, నా మనసు కష్టపెట్టడం ఇష్టం లేక జేబులో వేసుకుంది.

మా క్వార్టర్లు కూలగొట్టి చాలా ఏళ్ళయింది, షెడ్డున్న చోట ఇప్పుడు బళ్ళు నిలుపుతున్నారు. పైపులు ప్లాస్టిక్‌వి, నార లేదు, సఫేదా లేదు, జిగురు పూసి అతికిస్తారు. ఏ ఫ్లాట్‌కి వెళ్ళినా ఫోన్‌లో ముందు నమోదవ్వాలి, పనయ్యాక ఫొటో తీసి పంపాలి, లోపల టీ తాగకూడదని మనవరాలికి షరతట. అన్ని ఇళ్ళకి వెళ్ళొస్తుంది, ఏ ఇంట్లో ఎవరుంటారో దానికి తెలియదు. తప్పు దానిది కాదు, నాకే లోపల ఎక్కడో కలుక్కుమంటుంది.

నిన్న విశ్వకర్మ పూజ. వాళ్ళ బిల్డింగులో కూడా చేశారట, సాయంత్రం వచ్చి ఫోన్‌లో ఫొటో చూపించింది. నీలం పెట్టె తెరిచి ఉంది, బంతిపూలదండ వేసి ఉంది, సామానంతా బొట్లు పెట్టుకుని తళతళలాడుతోంది. మూడంచులది ఎక్కడా కనిపించలేదు. కొత్త సామాను మధ్య పాత ఇనుము పెట్టడానికి సిగ్గుపడిందేమో, ఎక్కడైనా పడేసుకుందేమో అనుకున్నాను, అడగలేదు. అది బూట్లు విప్పి, జేబులోంచి దాన్ని తీసి నా చేతిలో పెట్టింది. "అన్నీ పూజలో పెట్టేస్తే ఎలా అమ్మమ్మా? కోయీ తో డ్యూటీ పే రహేగా నా, ఒక్కటైనా డ్యూటీలో ఉండాలి గదా" అంది.

మా ఆయన చుట్టిన పీలిక ఎప్పుడో చివికిపోతే తరవాత నా పాత చీరముక్కలు మార్చి మార్చి చుట్టాను. ఇప్పుడు పిడికి ఎర్రటి కరెంటు టేపు చుట్టి ఉంది. పట్టుకుని చూశాను. నా చేతికి కాస్త లావయింది, మనవరాలి చేతికి సరిపోయింది.