అవ్వ అవతలి నుంచి కట్టిన దడి

నా చిన్నప్పుడు మా ఊళ్ళో గోడలున్న ఇళ్ళు తక్కువ, దడులున్న ఇళ్ళే ఎక్కువ. మొన్న ఈ మాట అంటే, దడి అంటే ఏంటి నానమ్మా అని మా మనవరాలు అడిగింది. రేగుకంప, తుమ్మకంప కొట్టుకొచ్చి, గుంజలు పాతి, అడ్డకర్రలకు బిగించి కట్టేదని చెప్పాను. పెరటికి దడి, గొర్లమందకు దడి, కూరపాదులకు దడి. అంతా విని "ఓ, ఫెన్సింగా" అంది, ఫోను మీంచి తల ఎత్తకుండా. నాకు ఒళ్ళు మండింది. దడి అంటే ఏమిటో నాకు ఏడేళ్ళప్పుడు మా అవ్వ చెప్పింది. ఆ చెప్పిన రోజు మా బాపు చావుబతుకుల్లో ఉన్నాడు.

మాది అచ్చంపేట అవతల, అడవి అంచున చిన్న ఊరు. గొర్లే మా బతుకు. ఎండలు ముదిరి గడ్డి మాడిపోతే బాపు మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు పోయేవాడు, తొలకరి పడ్డాక తిరిగొచ్చేవాడు. ఆ ఏడు ఆయన పోయిన కొన్నాళ్ళకు ఏటి పక్క ఊళ్ళలో గత్తర వచ్చిందని తెలిసింది. గత్తరంటే కలరా. వాంతులూ విరేచనాలూ పట్టుకుంటే పొద్దున ఉన్న మనిషి పొద్దుగూకేసరికి ఉండేవాడు కాదు. దవాఖాన ఎక్కడో దూరాన ఉండేది. ఊరి పెద్దలు కూర్చుని, దారికి అడ్డంగా దడి కట్టాలని తీర్మానం చేశారు. గత్తర పోయేదాకా బయటివాళ్ళు లోపలికి రాకూడదు, లోపలివాళ్ళు బయటికి పోతే మళ్ళీ రాకూడదు.

ఆ కట్టుబాటుకు అందరికంటే ముందు తల ఊపింది మా అవ్వ, బాపును కన్నతల్లి. ఇంట్లో మా అమ్మ పచ్చి బాలింత, తమ్ముడు పేరైనా పెట్టని పసిగుడ్డు. అవ్వ కొడవలి పట్టుకుని తనే కంప కొట్టి తెచ్చింది. మా అవ్వ నోరు మంచిదని ఊళ్ళో ఎవరూ అనరు గానీ, ఆమె చేతిపనికి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు. ఊరి దడిలో సగం ఆమె కట్టిందే.

తొలకరి ఇంకా పడనే లేదు, ఒక మధ్యాహ్నం గొర్ల అరుపులు వినిపించాయి. మా మందేనని తెలిసి పరుగెత్తాను. దడి అవతల బాపు కర్ర మీద వాలి నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వబోయి, అక్కడే కూలబడి వాంతి చేసుకున్నాడు. నేను దడిలోకి చెయ్యి దూర్చబోతే వెనక నుంచి అవ్వ వచ్చి నా జడ పట్టుకుని గుంజింది.

"అమ్మా, పిల్లను రానియ్యకు," అన్నాడు బాపు. "నాతోని వచ్చినాయన దారిలనే పోయిండు."

ఊరంతా వచ్చి దూరంగా నిలబడింది. ఊరిపెద్ద పటేలు నేల చూస్తూ, "కట్టుబాటు నీకు తెల్వంది కాదు గదా," అన్నాడు. అవ్వ తల ఊపింది. ఆమె మీద నాకు ఎక్కడలేని కోపం వచ్చింది.

"నువ్వే కట్టినవ్ గదా గీ దడి! మా బాపును సంపుతున్నవ్!" అని గోలపెట్టాను.

అవ్వ నన్ను కొట్టలేదు, తిట్టనూ లేదు. వెనక్కి తిరిగి ఇంటికి నడిచింది. కన్నకొడుకును వదిలేసి పోతోందని జనం గుసగుసలాడారు. బాపు కళ్ళు మూసుకున్నాడు. ఆయన ఛాతీ ఆడుతోందా లేదా అని నేను కంప సందుల్లోంచి చూస్తూ కూర్చున్నాను. ఎంతసేపో చెప్పలేను, నాకు మాత్రం ఆ పొద్దు గడవలేదు.

అవ్వ తిరిగొచ్చింది. నెత్తిన నీళ్ళకడవ, చంకలో గంజికుండ, భుజాన గొంగడి, కొంగున ఉప్పు.

"దడి దడే పటేలా. నేనైతే అవుతలికి పోతున్న. మల్ల రానియ్యమని మిమ్ముల అడగ," అంది.

కంపమోపు ఒకటి జరిపి అవతలికి పోయింది. వెంటే నేను దూరబోతే ఆ మోపునే అడ్డం లాగి, అవతలి వైపు నుంచి తన చేత్తోనే బిగించి కట్టింది. తర్వాత నా ఎత్తుకు వంగింది.

"గిది గోడ కాదు బిడ్డా, దడి. గీ సందులకెల్లి నేను నీకు కనపడ్త, నీ మాట నాకు ఇనపడ్తది. రోజు వచ్చి జర దూరంల కూసో. మీ బాపు ఎట్లున్నడో చెప్త."

రోజూ పోయాను. అవతల మోదుగుచెట్టు కింద అవ్వ బాపు తల ఒళ్ళో పెట్టుకుని ఉప్పుగంజి గుక్క గుక్క తాగించేది. కక్కితే తుడిచి మళ్ళీ తాగించేది. మొదట ఎవరూ దగ్గరికి రాలేదు. తర్వాత పటేలు భార్య ఒక కడవ నీళ్ళు దడి పక్కన పెట్టి దూరం జరిగింది. ఆమెను చూసి ఇంకొకరు జొన్నరొట్టెలు పెట్టారు. ఒకనాటి పొద్దున నేను పోయేసరికి చెట్టు కింద ఇద్దరూ కదలకుండా పడి ఉన్నారు. అవ్వా, అవ్వా అని గొంతు పోయేలా అరిచాను. గొంగడి కదిలింది. బాపు తల ఎత్తాడు.

"అరవకే బిడ్డా. మీ అవ్వకు ఇయ్యాల్నే జర కునుకు వట్టింది, నిద్రపోనియ్యి."

ఆ మాట వినగానే అక్కడే కూర్చుండిపోయాను. ఆ తర్వాత ఏడ్చాను, అది ఇద్దరూ బతికారన్న ఏడుపు. గత్తర పోయాక దడి తీశారు, ఇద్దరూ ఇంటికొచ్చారు.

కరోనా వచ్చినప్పుడు మా ఊరి పిల్లలు కూడా దారికి కంప అడ్డం వేశారు. తప్పని నేను అనలేదు. పట్నం నుంచి నడిచొచ్చి అవతల ఆగిపోయేవాళ్ళకు ఎవరున్నరు అని మాత్రం అడిగాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఊరి బయట ఉన్న బడి తాళం తీశారు, వంతులేసుకుని అన్నం మోశారు. నాకు డెబ్బై దాటాయని నన్ను మాత్రం గడప దాటనివ్వలేదు.

ఇన్నేళ్ళ బతుకులో నేనూ కొందరిని దూరం పెట్టాల్సి వచ్చింది, పెట్టాను. పెట్టే ముందు వాళ్ళ పక్కన మనిషెవరైనా ఉన్నారా లేదా అని చూసుకుంటాను. ఎవరూ లేకపోతే నేనే పోతాను.