ఎనిడ్ ప్లమ్‌రిడ్జ్ నవ్వు

లండన్ హామర్‌స్మిత్‌లో మేం పనిచేసిన లాండ్రీకి హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి గౌన్లు, పెద్దిళ్ల బల్లగుడ్డలు వచ్చేవి. ఆవిరి యంత్రాల రొదలో పక్కమనిషి మాట కూడా వినపడేది కాదు. అంత రొదలోనూ ఎనిడ్ ప్లమ్‌రిడ్జ్ నవ్వితే గేటు దగ్గరున్న వ్యాను డ్రైవర్ తల తిప్పి చూసేవాడు.

ఆ నవ్వు సన్నటి ఈలలా మొదలయ్యేది. ఊపిరి అందక ఒక్క క్షణం ఆగేది. ఆ తర్వాత బద్దలయ్యేది. మనిషేమో బక్కపలచన, భుజానికి మించిన దుప్పటి మడతపెట్టాలంటే మునివేళ్ల మీద లేచేది. అంత గొంతు ఎక్కడ దాచుకుందో ఎవరికీ తెలియదు. ఆ నవ్వు వల్లే చిన్నప్పుడు చర్చిలో పాటల బృందం నుంచి తీసేశారు. పెళ్లయ్యాక అత్తగారు నోటికి అడ్డం పెట్టుకోమని రుమాళ్లు కుట్టి ఇచ్చింది.

భర్త సిరిల్ ఇంటింటికీ తిరిగి గ్యాస్ మీటర్లు చూసే ఉద్యోగి. నెమ్మదస్తుడు. పదిమంది తనవైపు చూస్తే చెవులు ఎర్రబడిపోయే రకం. సినిమాకు వెళితే ఆవిణ్ణి ముందు కూర్చోబెట్టి, తాను రెండు వరుసలు వెనక కూర్చునేవాడు. మధ్యలో లేచి ఐస్‌క్రీం తెచ్చి ఆమె చేతిలో పెట్టి, మళ్లీ వెనక్కి వెళ్లిపోయేవాడు. ఎనిడ్ దీనికి ఏనాడూ నొచ్చుకోలేదు. "ఆయనకి సిగ్గెక్కువ, నాకు తక్కువ. కలిపి పంచుకునుంటే ఇద్దరికీ సరిపోయేది" అనేది.

నవ్వు ఆమెకు తండ్రి ఇచ్చిన ఆస్తి. రేవులో మూటలు మోసే ఆయన ఆదివారం మధ్యాహ్నాలు లైబ్రరీ నుంచి పాత హాస్య కథలు తెచ్చి పిల్లలకు చదివేవాడు. ఊరూరా తిరిగి పియానోలు శ్రుతి చేసే క్విల్టర్ అనే పెద్దమనిషి కథలవి. క్విల్టర్ ఏ ఇంటికి వెళ్లినా ఏదో ఒకటి విరగ్గొట్టేవాడు. అది దాచబోయి ఇంకో రెండు విరగ్గొట్టేవాడు. చివరికి ఆ ఇంటివాళ్లే తనకు క్షమాపణ చెప్పి సాగనంపేలా చేసుకునేవాడు. చదువుతూ చదువుతూ నవ్వు ఆపుకోలేక తండ్రి పుస్తకాన్ని ముఖం మీద బోర్లించుకునేవాడట. అప్పుడు మిగతా కథ ఎనిడే కల్పించి చెప్పేది.

డెబ్బైల మొదట్లో ఆ కథల్ని టెలివిజన్‌కి తీస్తున్నారని తెలిసింది. ఇలాంటి నాటికల్ని అప్పట్లో జనం ఎదుటే ఆడించి, వాళ్ల నవ్వుతో సహా చిత్రీకరించేవారు. అడిగిన వాళ్లకు టిక్కెట్లు ఊరికే పంపేవారు. ఎనిడ్ తెప్పించుకుని నన్ను తోడు తీసుకెళ్లింది.

మాకు మూడో వరుసలో చోటు దొరికింది. క్విల్టర్ వేషం వేసింది లయనెల్ కార్బెట్. నాటకాల్లో చాలాకాలం చిన్న చిన్న వేషాలు వేసి, నడివయసులో పేరు తెచ్చుకుంటున్న మనిషి. పొడుగ్గా, ముఖంలో ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్న దిగులుతో ఉండేవాడు. మొదటి దృశ్యంలో ఆయన గుమ్మంలోకి వచ్చి, కాళ్లపట్టా మీద బూట్లు తుడుచుకుని, గది చివర ఉన్న పియానో వైపు చూశాడు. అంతే. ఇంకా ఏమీ జరగలేదు. నా పక్కన ఈల వినపడింది. ఆపైన ఎనిడ్ ఒక్కతే, ఆ హాలంతా దద్దరిల్లేలా నవ్వింది.

చిత్రీకరణ ఆగిపోయింది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని అక్కడి పనులు నడిపిస్తున్న టర్న్‌బుల్ అనే అతను మా వరుస దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, ఇంకా జోకు రాలేదండీ" అన్నాడు మర్యాదగానే.

"తెలుసు బాబూ. వస్తోందని ఆయన ముఖంలో కనబడిపోయింది."

దీపాల వెలుగుకి చెయ్యి అడ్డం పెట్టుకుని కార్బెట్ మావైపు చూశాడు. "ఆవిణ్ణేమీ అనకు టర్న్‌బుల్. నేను ఆ ముఖం పెట్టిందే అందుకు" అన్నాడు.

ఆ తర్వాత ప్రతి భాగానికీ ఎనిడ్‌కి టిక్కెట్లు అడక్కుండానే వచ్చేవి. ఒకసారి దర్శకుడు ఆమెను పక్కకు పిలిచి, కథ రెండో సగం కాస్త నీరసంగా ఉంది, అక్కడ కొంచెం ఎక్కువ నవ్వితే బాగుంటుందని అడిగాడు. నవ్వొస్తే తప్పకుండా నవ్వుతానని ఆమె మాటిచ్చింది. రాలేదు, నవ్వలేదు. మర్నాడు లాండ్రీలో ఆ సంగతి చెబుతూ నిజంగానే బాధపడింది. దర్శకుడు మంచివాడని, చలిలో పాపం కోటు కూడా లేకుండా తిరుగుతున్నాడని అంది.

నాటిక టెలివిజన్‌లో రావడం మొదలయ్యాక మా వీధిలో ఆ నవ్వు గుర్తుపట్టని వాళ్లు లేరు. మాంసం కొట్టువాడు కూడా గుర్తుపట్టాడు. ఇంట్లో సిరిల్ టీవీ ముందు కూర్చుంటే పెట్టెలోంచి ఎనిడ్ నవ్వేది, పక్క కుర్చీలోంచీ ఎనిడ్ నవ్వేది. ఒకత్తెతోనే వేగలేక ఛస్తుంటే ఇప్పుడు ఇద్దరయ్యారని ఆయన నాతో అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో కాస్త గర్వం కనబడింది.

మూడో ఏడు నాటిక సగంలో ఉండగా కార్బెట్ భార్య పోయింది. పేపర్లలో ఫొటోతో సహా వేశారు. చిత్రీకరణ కొన్ని రోజులు ఆపి మళ్లీ మొదలుపెట్టారు. ఆ సాయంత్రం ఎనిడ్‌కి మోకాలు నొప్పిగా ఉంది. అక్కడి మెట్లు ఎక్కించడానికి సిరిల్ కూడా వచ్చాడు. వెనక ఎక్కడా ఖాళీ లేక మా ఇద్దరి మధ్య కూర్చున్నాడు.

కార్బెట్ రాగానే జనం చాలాసేపు చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత చర్చిలో ఉన్నట్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఆయన బాగానే ఆడుతున్నాడు. ఎవరూ నవ్వడం లేదు. ఏడుస్తూ ఉండాల్సిన మనిషిని చూసి నవ్వడానికి ఎవరికీ నోరు రావడం లేదు. ఒక్కో మాట చెప్పి, నవ్వు కోసం ఆయన ఆగే చోట నిశ్శబ్దం. నాకు చూడ్డమే కష్టమైంది.

అప్పుడు పియానో దృశ్యం వచ్చింది. క్విల్టర్ మూత వేస్తుంటే టై అందులో ఇరుక్కుంటుంది. అదే సమయానికి ఇంటావిడ టీ పట్టుకుని వస్తుంది. ఏమీ జరగనట్టు, మెడ వంచి, గడ్డం పియానోకి ఆనించి, ఆయన వాతావరణం గురించి మాట్లాడాలి. కార్బెట్ మాట్లాడాడు. వానలు బాగా పడుతున్నాయన్నాడు.

ఈల వినబడింది. ఆగింది. ఎనిడ్ నవ్వింది.

తలలన్నీ మావైపు తిరిగాయి. ముందు వరుసలో ఆకుపచ్చ టోపీ పెట్టుకున్నావిడ పూర్తిగా వెనక్కి తిరిగి, "సిగ్గుగా లేదూ? ఆయన పెళ్లాం పోయి నెల కూడా కాలేదు" అంది.

ఎనిడ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. సిరిల్ చెవులు కణకణలాడుతున్నాయి. ఆయన ముందుకు వంగాడు.

"ఈవిడ నా భార్యండి. ఈవిడ నవ్వే అంత. మీరటు చూడండి, ఆయన టీ తాగబోతున్నాడు."

నిజంగానే కార్బెట్ తాగబోతున్నాడు. మెడ అలాగే వంచి కప్పు అందుకుని, ఎటునుంచి తాగాలో తెలియక, ఇంటావిడని గంభీరంగా చక్కెర అడిగాడు. అది రాసిన మాట కాదని ఆమె తడబాటు చూస్తేనే తెలిసింది. ఎనిడ్ చెయ్యి తీసేసింది. వెనక ఎవరో మగమనిషి నవ్వాడు. ఆపైన హాలంతా నవ్వింది. ఆకుపచ్చ టోపీ కూడా కదిలింది.

అంతా అయ్యాక కార్బెట్ మా వరుస దగ్గరికి వచ్చాడు. ఎనిడ్ లేచి నిలబడి, "మీకు సాయం చేద్దామని నవ్వలేదు సార్. అప్పటిదాకా నాకూ జాలిగానే ఉంది. టై ఇరుక్కున్నాక ఇంక కుదర్లేదు" అని ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"సాయానికి నవ్వి ఉంటే నాకు తెలిసిపోయేదమ్మా" అన్నాడాయన. ఆమె చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు.

తిరుగు బస్సులో ఎనిడ్ రుమాలు తీసి మడతలు పెడుతూ కూర్చుంది. ఆ టోపీ ఆవిడ అన్నదే నిజమేమో అంది చివరికి. సిరిల్ కిటికీలోంచి చూస్తూనే జవాబు చెప్పాడు: "నువ్వు నవ్వకపోతే ఆయన ఆ టై విప్పుకుని ఇంటికెళ్లిపోయేవాడు. మళ్లీ వచ్చేవాడు కాదు."

నాటిక ఇంకో రెండేళ్లు నడిచింది. ఆ తర్వాత కార్బెట్ వర్తింగ్‌లో సముద్రం దగ్గర చిన్న ఇల్లు కొనుక్కుని వెళ్లిపోయాడు. ఒక వేసవిలో మమ్మల్ని ముగ్గురినీ టీకి పిలిచాడు. ఎనిడ్ మంచి గౌను వేసుకుని, గింజల కేకు చేసి పట్టుకొచ్చింది. ఆయన మమ్మల్ని చూసి ఎంతో సంతోషించాడు. తర్వాత మధ్యాహ్నమంతా తన టమోటా మొక్కలకు పట్టిన తెగులు గురించే చెప్పాడు. మందులు చెప్పాడు, ఆకులు తెచ్చి చూపించాడు. ఎనిడ్ శ్రద్ధగా విని, అడగాల్సినవన్నీ అడిగింది. ఒక్కసారి కూడా నవ్వలేదు.

రైలెక్కాక, అంత గొప్ప హాస్యనటుడి ఇంట్లో నాలుగు గంటలు కూర్చుని ఒక్క నవ్వు నవ్వలేదేమని సిరిల్ అడిగాడు.

"టమోటాలు చచ్చిపోతున్నాయి కదయ్యా" అంది ఎనిడ్.