అవ్వ ఆముదం చేతులు... నా వదులు కీళ్లు

మా చిన్నప్పుడు శుక్రవారం వచ్చిందంటే నాకు వణుకు... బచ్చలిలో, అదే స్నానాల గదిలో, నీళ్ల అండా కింద కట్టెలు రాజుకున్న వాసన రాగానే వడ్ల గాదె వెనక నక్కేదాన్ని.

మాది బాగేపల్లి తాలూకాలో పాతపాళ్య పక్క పల్లె. మా అవ్వ, నాయన తల్లి, ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ నీళ్లు పోసేది. ఆముదం పట్టించి, కాళ్లూ చేతులూ అడ్డంగా లాగి, కీలు కీలునూ సాగదీసి... బాలింతలు ఆమె కోసం కాచుకుని కూర్చునేవాళ్లు. ఆ చేతుల వెచ్చదనం నా వీపుకు ఇప్పటికీ గుర్తుంది.

నేనంటే అవ్వకు గర్వం. నా బొటనవేలు వంచితే ముంజేతికి ఆనేది. చిటికెన వేలు వెనక్కి నిటారుగా లేచేది. కొత్త బాలింత వచ్చిందంటే నన్ను పిలిచి ముందు నిలబెట్టేది.

"చూడండమ్మా, ఇది నా చేతి బిడ్డ. వెన్న మాదిరి ఉండాది."

వాళ్లు బుగ్గలు నొక్కుకునేవాళ్లు... నా నోట్లో బెల్లం ముక్క పడేది. ఆ బెల్లం కోసం మళ్లీ వంగేదాన్ని.

పొద్దుగూకేసరికి మోకాళ్లు సలిపేవి. మా అమ్మ భయపడుతూనే అత్తతో ఆ మాట చెప్పేది. అవ్వ దగ్గర ఒకటే మందు... పట్టు చాలలేదు, ఇంకా గట్టిగా లాగాలి. నొచ్చిందని లాగడం, లాగినందుకు ఇంకా నొవ్వడం.

ఒక శుక్రవారం నా కుడిచేతిని వీపు వెనక్కి తిప్పి లాగింది. లోపల ఏదో జారింది... భుజం ఉండాల్సిన చోట గుంత పడింది. అవ్వ చేతులు అట్లాగే ఆగిపోయాయి. నేను ఏడవలేదు. ఏడిస్తే ఇంకేది ఊడుతుందోనని ఊపిరి బిగబట్టాను.

బస్సెక్కించి సోమేనహళ్ళిలో ఎముకలు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయారు. ఆయన భుజాన్ని ఎక్కించి, కట్టు కట్టి, బిడ్డకు దిష్టి తగిలిందన్నాడు. ఇంటికొచ్చి మిరపకాయలు దిగదుడిచారు. ఆ తర్వాత కూడా భుజం జారుతూనే ఉంది... బిందె ఎత్తితే, తిరగలి తిప్పితే, ఒకసారి ఊరికే జడ వేసుకుంటుంటే.

నేను బడిలో చదివింది తక్కువ. కూడబలుక్కుంటూ పురాణాలు చదివి, భజన మందిరాల్లో నలుగురికీ చెప్తూ వస్తున్నాను. చెప్పేటప్పుడు నాకు ఆవేశం ఎక్కువ... అయినా ఎడమచెయ్యే ఎత్తుతాను. అది అపచారమని సణిగినవాళ్లూ ఉన్నారు. ఆ భుజం నీ పూర్వజన్మ పాపమే తల్లీ అన్నవాళ్లూ ఉన్నారు.

పాపమా? పసిబిడ్డ కీలుకు పాపం అంటగట్టే నోటికి ఏ శాస్త్రం అనుమతి ఇచ్చింది? వినండి... స్వామి చిటికెన వేలిమీద గోవర్ధన గిరి నిలిచింది. ఆ వేలు నా వేలిలా వెనక్కి వాలి ఉంటే కింద గోకులం ఏమయ్యేది? వంగడం ఒక్కటే వేలికి వరం కాదు, నిలవడం కూడా కావాలి.

ఈ మధ్య పేరేసంద్రలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. మనవరాలు రెండో తరగతి. రాస్తే వేళ్లు నొస్తున్నాయంటే బడిలో సోమరిపోతు అన్నారట. నేను వెళ్లేసరికి మా వియ్యపురాలు ఆ బిడ్డను బచ్చలి బండమీద కూర్చోబెట్టి, ఆముదం రాసి, చెయ్యి వెనక్కి తిప్పుతోంది.

"వదలండి వదినా. ఆ చెయ్యి వదలండి."

"నొప్పి పోతాదని లాగతాండాను వదినా. చూడండి, బొమ్మ మాదిరి ఎట్ల తిప్పితే అట్ల తిరగతాది."

"బొమ్మకు నొప్పి తెలీదు వదినా."

ఆమె చెయ్యి వదిలింది. మొహం మాత్రం ముడుచుకుంది.

మరుసటి రోజే చిక్కబళ్ళాపురంలో డాక్టరమ్మకు చూపించాం. వేళ్లు, మోచేతులు, మోకాళ్లు ఎంత వెనక్కి పోతాయో చూసింది. మోకాలు వంచకుండా అరచేతులు నేలకు ఆనించమంది. చర్మం సాగదీసి చూసింది. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగితే నేను చెయ్యి చాపాను... నా బొటనవేలిని కూడా ముంజేతికి ఆనించి చూసింది.

కీళ్లను పట్టి ఉంచే పట్టీలు పుట్టుకతోనే వదులట. హైపర్‌మొబిలిటీ అంటారట. పిల్లలు చాలామంది వంగుతారు, నొప్పి గానీ జారడం గానీ ఉంటేనే జబ్బు కింద లెక్క అంది. ఇందులో కొన్ని రకాలు గుండెకూ కంటికీ పాకుతాయి కాబట్టి అవీ చూడాలంది.

గుండె స్కానింగు గది బయట కూర్చున్నాను... ఎన్నో ఏళ్లుగా కంఠతా వచ్చిన నామం ఒక్కటి కూడా నోటికి రాలేదు. తలుపు తెరిచి గుండె బాగుందన్నారు. కళ్లూ బాగున్నాయన్నారు. అప్పుడు ఏడ్చాను.

బిగించే మందు లేదట. కీలు చుట్టూ కండ గట్టిపడాలి. రోజూ మెల్లగా చేసే వ్యాయామం, లావు పెన్సిలు, రాతలో మధ్యమధ్య విరామం. లాగడం వద్దు, నలుగురికీ వంగి చూపించడం అసలే వద్దు. వియ్యపురాలు అన్నీ విని, ఇంటికొచ్చాక ఒక్కటే అడిగింది.

"నూనె రాయొచ్చునా వదినా, లాగకుండా?"

రాయొచ్చన్నాను.

ఇప్పుడు ఆ బిడ్డ వీధిలో గెంతుతుంటే చూస్తాను... ప్రతి గెంతుకూ నా ఊపిరి ఆగుతుంది. పేరు తెలిస్తే భయం పోతుందని సభల్లో గట్టిగా చెప్పేదాన్ని. పేరు తెలిసింది. భయం మాత్రం నాతోనే ఉంది.

ఆ రోజుల్లో ఇంటినిండా ప్రేమ ఉండేది, చేతినిండా నూనె ఉండేది... నొస్తోందా అని బిడ్డను అడిగి, ఆ జవాబు నమ్మే అలవాటే లేదు. మీ ఇంట్లోనూ అట్లా బొమ్మలా వంగిన బిడ్డ ఎవరైనా ఉండేవాళ్లా? అది మీరేనా? అయితే ఇక్కడ చెప్పండి... నేను నమ్ముతాను.